1/70 భూమి, పసుపు మర, బ్యాంకు లోను: నా అనుభవం

పాడేరు ఏజెన్సీలో పసుపు వేయని రైతు అరుదు. ఆ పసుపుని పొడి కొట్టి, ప్యాకెట్ కట్టి, తన పేరుతో అమ్ముకునే గిరిజనుడు ఇంకా అరుదు. ఉడకబెట్టి ఎండబెట్టిన కొమ్ములు సంతకి మోసుకెళ్లడంతో మా పని అయిపోతుంది. ఆ తర్వాత జరిగే పాలిష్, గ్రేడింగ్, పొడి, ప్యాకింగ్, వాటితో వచ్చే లాభం అన్నీ ఘాట్ రోడ్డు దిగాకే. నేను మా ఊళ్లోనే పసుపు, మిరియాల పొడి చేసే చిన్న యూనిట్ పెట్టుకున్నాను. లోను ఎలా వచ్చింది, ఎక్కడ ఆగింది, ఎవరిని ఏం అడిగావు అని మావాళ్లు అడుగుతూనే ఉన్నారు. ఫోన్లో చెప్తే సగం కూడా గుర్తుండదు కాబట్టి రాసి పెడుతున్నాను. ఇది షెడ్యూల్డ్ ప్రాంతంలో ఉండే ఎస్టీ దరఖాస్తుదారుల కోసం రాసింది. మైదానంలో వాళ్లకి ఇందులోని ఇబ్బందులు సగం ఉండవు, సౌకర్యాలూ సగం ఉండవు.

ముందు ఏ పథకం అన్నది తేల్చుకోవాలి. ముద్ర లోను అప్పట్లో 10 లక్షల వరకే. 2016 నుంచి 2025 దాకా నడిచిన స్టాండప్ ఇండియా కింద ఎస్సీలకి, ఎస్టీలకి, మహిళలకి 10 లక్షల నుంచి కోటి దాకా ఇచ్చేవారు. ప్రతి బ్యాంకు శాఖా కనీసం ఒక ఎస్సీ లేదా ఎస్టీకి, ఒక మహిళకి ఇవ్వాలన్నది దాని లెక్క. కానీ అందులో సబ్సిడీ లేదు. పీఎంఈజీపీ, అంటే ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకంలో ఉంది. గ్రామీణ ప్రాంతంలో యూనిట్ పెట్టే ఎస్టీకి ప్రాజెక్టు ఖర్చులో 35 శాతం సబ్సిడీ, మన చేతి వాటా 5 శాతం చాలు. నా ప్రాజెక్టు 18 లక్షలు. నా వాటా 90 వేలు, బ్యాంకు ఇచ్చేది 17 లక్షల 10 వేలు, సబ్సిడీ 6 లక్షల 30 వేలు.

ఈ సబ్సిడీ గురించి ఊళ్లో ఉన్నన్ని అపోహలు దేని మీదా లేవు. ఆ డబ్బు మన చేతికి రాదు. మన లోను ఉన్న బ్యాంకులోనే మూడేళ్లు డిపాజిట్‌గా పడుంటుంది. దానికి వడ్డీ రాదు, లోనులో అంత మొత్తానికి మన దగ్గర వడ్డీ తీసుకోరు కూడా. మూడేళ్లు యూనిట్ నడిచి, తనిఖీలో నడుస్తోందని తేలాక లోనులో సర్దుతారు. మధ్యలో మూసేస్తే మొత్తం అప్పే. "ఆరు లక్షలు ఫ్రీగా వచ్చాయట" అని సంతలో ఎవరో నా గురించి చెప్పుకుంటున్నారని విని నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే. ఆధార్, పాన్, ఎస్టీ సర్టిఫికెట్, చదువు సర్టిఫికెట్, మా ఊరు గ్రామీణ ప్రాంతమేనని చెప్పే సర్టిఫికెట్, ప్రాజెక్టు రిపోర్టు. తయారీ యూనిట్ 10 లక్షలు దాటితే ఎనిమిదో తరగతి పాసై ఉండాలి. కాగితాల దగ్గర పెద్ద ఇబ్బంది ఏమీ రాలేదు, ఒక్క ప్రాజెక్టు రిపోర్టు తప్ప.

రిపోర్టు రాయించుకోమని అందరూ కన్సల్టెంట్ దగ్గరకే పంపుతారు. ఆయన నాకు ఇచ్చిన రిపోర్టులో పనిదినాలు ఏడాదికి 300. అంటే ఆదివారం తప్ప రోజూ మర తిరుగుతుందని. మా దగ్గర జూలై, ఆగస్టుల్లో వాన పట్టుకుంటే కరెంటు ఎప్పుడు పోతుందో, మళ్లీ ఎప్పుడొస్తుందో లైన్‌మన్‌కే తెలియదు. చైత్రంలో ఇటుకల పండగ వస్తే మగవాళ్లు వేటకి పోతారు, ఊళ్లో ఎవరూ పనిలోకి దిగరు. కొత్త పంట తినే పండగకీ అంతే. ముడి సరుకు ఏడాది పొడుగునా ఒకే ధరకి దొరుకుతుందని రాశారు. పసుపు తవ్వకం చలికాలం చివర్లో మొదలై వేసవి మొదట్లో అయిపోతుంది, ఆ నాలుగు నెలల్లో కొన్నదే ఏడాదంతా వాడుకోవాలి. పైగా మా కొండ పసుపు చాలా చోట్ల రెండేళ్లు భూమిలో ఉంచి తవ్వే పంట, ఈ ఏడు తవ్విన గట్టున వచ్చే ఏడు ఉండదు. మార్కెట్ అధ్యయనం అనే పేజీలో మైదానంలోని ఏదో పట్నం పేరు కూడా మిగిలిపోయి ఉంది. వేరే వాళ్ల రిపోర్టులో పేరు మార్చి ఇచ్చారన్నమాట.

అది పక్కన పెట్టి నేనే రాసుకున్నాను. పనిదినాలు 220 వేశాను. నెలవారీ పట్టిక ఒకటి గీసి, ఏ నెలలో సరుకు కొంటాం, ఏ నెలలో మర నడుస్తుంది, ఏ నెలలో పండగలు, ఏ నెలలో డబ్బు లోపలికి వస్తుంది అని నింపాను. యంత్రాల ధరలకి కొటేషన్లు జత చేశాను. ఉడకబెట్టే బాయిలర్, పాలిషింగ్ డ్రమ్ము, పల్వరైజర్, జల్లెడ, సీలింగ్ మిషన్, త్రీఫేజ్ కనెక్షన్‌కి డిపాజిట్. లాభం కన్సల్టెంట్ రిపోర్టులో కంటే తక్కువ కనిపించింది. దాంతో భయపడ్డాను కానీ, తర్వాత బ్యాంకులో అడిగిన ప్రతి ప్రశ్నకీ ఆ పట్టికలోనే జవాబు దొరికింది.

ఇక బ్యాంకు.

మేనేజర్ గారు మర్యాదస్తుడే. కూర్చోబెట్టి, టీ తెప్పించి, ఫైలు తిరగేసి ఒక్కటే అడిగారు. "చూడమ్మా, సెక్యూరిటీ ఏంటి? మీది 1/70 భూమి కదా, మేం తీసుకోలేం."

1/70 అంటే మా దగ్గర చిన్నపిల్లలకీ తెలుసు. 1959 నాటి భూ బదలాయింపు రెగ్యులేషన్‌ని 1970లో ఒకటో నంబరు రెగ్యులేషన్‌తో బిగించారు. షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి గిరిజనేతరుడి పేరు మీదకి వెళ్లడానికి వీల్లేదు. అమ్మకం, లీజు, తాకట్టు అన్నీ బదలాయింపు కిందికే వస్తాయి. షావుకార్ల అప్పుల్లో పడి మా తాతల కాలంలో ఎన్ని కొండవాలు భూములు చేతులు మారాయో తెలిసినవాళ్లెవరూ ఈ చట్టాన్ని తప్పు పట్టరు. నేనూ పట్టను. అది లేకపోతే ఇవాళ యూనిట్ పెట్టడానికి నాకు ఊరే మిగిలేది కాదు. కానీ ఆ రక్షణే బ్యాంకు బల్ల దగ్గర మాకు అడ్డుగోడ అవుతోంది.

తీరా చూస్తే అది పూర్తిగా గోడ కూడా కాదు. ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ) ఆఫీసులో భూమి కేసులు చూసే ఒకాయన నాకు ఆ రెగ్యులేషన్ ప్రతి ఇచ్చి, 3-ఏ సెక్షన్ చదవమన్నారు. సహకార సంఘాలకి, ప్రభుత్వం ఆమోదించిన బ్యాంకులకి గిరిజనుడు తన భూమిని స్వాధీనం ఇవ్వకుండా తనఖా పెట్టొచ్చని అందులో ఉంది. అప్పు కట్టకపోతే బ్యాంకు ఆ భూమిని అమ్ముకోవచ్చు, అయితే మరో గిరిజనుడికో, గిరిజనులే సభ్యులుగా ఉన్న సంఘానికో మాత్రమే అమ్మాలి. నాలుగు లైన్లు అంతే. ఆ నాలుగు లైన్లు మేనేజర్ గారికీ తెలియదు, నాకూ తెలియదు, ఏళ్ల తరబడి ఏజెన్సీలో లోన్లు ఇప్పిస్తున్న కన్సల్టెంట్‌కీ తెలియదు.

చట్టం చూపించగానే లోను వచ్చేసిందనుకోకండి. ఆయన ఆ పేజీ శ్రద్ధగా చదివి, "నిజమేనమ్మా, కానీ వేలం వేస్తే కొనేదెవరు?" అన్నారు. కొనుక్కునేవాళ్లు మా ఊరివాళ్లే కావాలి, మా ఊరివాళ్లు మా భూమిని వేలంలో కొనరు. అందుకే వాల్యుయేషన్ చేసేవాళ్లు కూడా మా భూములకి నామమాత్రం విలువ కడతారు. అదీ పట్టా భూమికి. మాకున్న మిగతా భూమి అటవీ హక్కుల పట్టా కింద వచ్చింది. 2006 చట్టం ప్రకారం ఆ హక్కు వారసులకి వస్తుంది కానీ అమ్మడం, బదలాయించడం కుదరదు. దాని మీద పట్టుబట్టి లాభం లేదు. కాఫీ, మిరియాలు, పనస, నారింజ అన్నీ ఆ భూమిలోనే ఉన్నాయి. మా ఇంటి ఆదాయంలో ఎక్కువ భాగం అక్కడిదే, బ్యాంకు లెక్కలో దాని విలువ సున్నా.

అప్పుడు నేను అడిగాను. "సార్, ఈ పథకంలో గ్యారంటీ ట్రస్ట్ ఉందిగా, మరి భూమి ఎందుకు?"

ఇది అందరూ గుర్తు పెట్టుకోవాల్సిన ప్రశ్న. చిన్న పరిశ్రమలకి 10 లక్షల దాకా లోనుకి తాకట్టు అడగకూడదన్నది నేను దరఖాస్తు చేసినప్పుడు ఉన్న రిజర్వ్ బ్యాంకు నిబంధన. అంతకు పైన సీజీటీఎంఎస్ఈ అనే ట్రస్ట్ గ్యారంటీ ఇస్తుంది. ఏటా కొంత రుసుము కట్టాలి, లోను మునిగితే బ్యాంకు నష్టంలో పెద్ద భాగం ట్రస్ట్ భరిస్తుంది. 2022 డిసెంబర్ నుంచి ఎస్సీ, ఎస్టీ యూనిట్లకి ఆ భాగం 85 శాతం చేశారు, రుసుములో 10 శాతం తగ్గింపు కూడా ఇచ్చారు. మేనేజర్ గారికి ఈ సంగతి తెలుసు. తెలిసీ భూమి అడగడం అలవాటు. ట్రస్ట్ దగ్గర క్లెయిమ్ పెట్టడం పెద్ద తతంగమని, ఆడిట్‌లో ప్రశ్నలు వస్తాయని తర్వాత ఆయనే చెప్పారు.

కొన్ని వారాలు ఫైలు కదల్లేదు. "పైనుంచి రావాలి", "ఫీల్డాఫీసర్ సెలవులో ఉన్నారు", "క్వార్టర్ ఎండింగ్." ఒకరోజు బల్ల మీద నుంచి "ఇది మాకు కుదిరేలా లేదమ్మా, వేరే బ్యాంకు చూసుకోండి" అన్న మాట వచ్చింది. ఎస్సీ, ఎస్టీలకి రుణాల గురించి రిజర్వ్ బ్యాంకు ఏటా తిరగరాసే మాస్టర్ సర్క్యులర్ ఒకటుంది. అందులో, ఎస్సీ, ఎస్టీ దరఖాస్తుని శాఖ స్థాయిలో తిరస్కరించకూడదని, పై స్థాయి అధికారే తిరస్కరించాలని, కారణం స్పష్టంగా రాయాలని ఉంది. గొంతు పెంచకుండా అదే అడిగాను. "సార్, రీజనల్ ఆఫీసు నుంచి కారణంతో రాసిస్తే తీసుకెళ్తాను." ఆయన కాసేపు నా వైపు చూసి ఫైలు మళ్లీ లోపల పెట్టించారు. ఆ మాట అనడానికి ధైర్యం కంటే ఆ సర్క్యులర్ ప్రింటు సంచిలో ఉండటమే ఎక్కువ పనికొచ్చింది. బ్యాంకులు తమ రుణాల్లో 12 శాతం బలహీన వర్గాలకి ఇవ్వాలన్న లక్ష్యం ఒకటుంది, ఎస్టీలు అందులోకి వస్తారు. నా ఫైలు ఆయనకీ అవసరమే. ఆ సంగతి మాకు తెలియకపోవడం వల్లే భిక్ష అడుగుతున్నట్టు నిలబడతాం.

తర్వాతి చిక్కు సిబిల్, అంటే మన పాత అప్పుల చరిత్ర చూసి వేసే స్కోరు. నాకు స్కోరు లేదు, రిపోర్టులో మైనస్ ఒకటి చూపించింది. చెడ్డ స్కోరు కాదు, అసలు చరిత్రే లేదని అర్థం. నాన్న పేరు మీదా అంతే. నాన్నకి అప్పు ఎప్పుడూ లేదని కాదు. మా అమ్మానాన్నలు పెళ్లయిన నాటి నుంచీ ప్రతి ఏడూ పంటకి ముందు సంతలో షావుకారు దగ్గర డబ్బు తీసుకున్నారు, ప్రతి ఏడూ పంట తోలి తీర్చారు. వడ్డీ ఎంతో కాగితం మీద ఎక్కడా ఉండదు, కొన్న ధరలోనే కలిసిపోయి ఉంటుంది. ఏజెన్సీలో వడ్డీ వ్యాపారాన్ని అదుపు చేయడానికి 1960లోనే రెగ్యులేషన్ వచ్చింది కానీ, అడ్వాన్స్ పేరుతో ఇచ్చిన డబ్బుని అది పట్టుకోగా మేం చూడలేదు. ముప్పై ఏళ్లు ఒక్కసారి కూడా ఎగ్గొట్టకుండా కట్టిన మనిషికి బ్యాంకు కంప్యూటర్లో చరిత్ర లేదు. ఆర్థిక రంగంలోకి గిరిజనులను తీసుకురావాలి అని సమావేశాల్లో అంటుంటారు. మేం ఎప్పటి నుంచో అందులోనే ఉన్నాం, లెక్క రాసే పుస్తకం మాత్రం ఎప్పుడూ అవతలివాళ్ల చేతిలో ఉంది.

ఆ సమస్య నుంచి బయటపడేసింది నాన్న రేకుపెట్టె. గిరిజన సహకార సంస్థ, అదే మా జీసీసీ, 1956 నుంచి ఉంది. కాఫీ, మిరియాలు, చింతపండు, తేనె కొంటుంది. నాన్న జీసీసీకి ఏది వేసినా ఆ రశీదు పారేయడు. ఎందుకు దాచావంటే "గవర్నమెంటు కాగితం కదా" అంటాడు. వాన తడికి అంచులు పసుపెక్కిన రశీదులు, కొన్నిటి మీద కార్బన్ అక్షరం దాదాపు చెరిగిపోయింది. ఏడాది వారీగా పేర్చి, ఒక్కో దాన్నీ పాస్‌బుక్‌లో పడిన జమతో కలిపి, ఒక పేజీ పట్టిక చేశాను. దానికి అమ్మ డ్వాక్రా సంఘం పుస్తకం జత చేశాను. ఆ సంఘం బ్యాంకు లింకేజీ రుణం తీసుకుని కిస్తీ తప్పకుండా కట్టింది, అదీ ఇదే శాఖలో. మేనేజర్ గారు రశీదులని చూసిన చూపు ఫైలుని చూసిన చూపులా లేదు. "ఇవి ముందే ఎందుకు ఇవ్వలేదు?" అన్నారు. చెక్‌లిస్టులో ఐటీ రిటర్నులు అడిగారు కానీ, జీసీసీ రశీదులు అని ఎక్కడా లేదు మరి.

ఫీల్డాఫీసర్ తనిఖీకి వచ్చింది సరిగ్గా ఇటుకల పండగ రోజుల్లో. వద్దని చెప్పాలని ఫోన్ చేస్తే సిగ్నల్ కలవలేదు. ఊరి మొదట్లో ఆడవాళ్లు దారికి అడ్డంగా దుంగ పెట్టి, పాటలు పాడుతూ జీపు ఆపేశారు. పజోరు, అంటే పండగకి అడిగే డబ్బు, ఇవ్వనిదే ఆ రోజుల్లో ఎవరి బండీ కదలదు, ఎమ్మెల్యే బండి అయినా సరే. ఆయన మైదానం నుంచి కొత్తగా వచ్చిన కుర్రాడు. గొడవేదో జరుగుతోందనుకుని అద్దం పైకెత్తి కూర్చున్నాడు. నేను పరుగెత్తుకెళ్లేసరికి మా చిన్నమ్మ అద్దం మీద తట్టి "బాబూ, వంద ఇచ్చి వెళ్లు, మళ్లీ వచ్చే ఏడు అడుగుతాం" అంటోంది. ఇచ్చాడు. దిగాక ఆయన వేసిన మొదటి ప్రశ్న "మగవాళ్లెవరూ లేరేంటి, యూనిట్‌కి పనివాళ్లు దొరుకుతారా?" అని. పట్టిక తీసి చూపించాను, ఏప్రిల్ గడిలో "పండగ, పని లేదు" అని రాసుంది. దాంతో ఆయనకి నమ్మకం కుదిరింది. పండగ ముందే లెక్కలో ఉన్న ప్రాజెక్టు రిపోర్టు తాను చూడలేదని అన్నాడు. నా షెడ్డు స్థలం నాన్న పేరు మీద ఉంది కాబట్టి నాన్న అంగీకార పత్రం అడిగాడు. నాన్న ఒక్కడి సంతకం చాలన్నాడు కానీ, మా దగ్గర భూమి ఎవరి పేరు మీదున్నా అన్నదమ్ములందరిదీ. బాబాయిలు, ఊరి పెద్దలు కూర్చుని మాట్లాడుకున్నాకే నాన్న సంతకం పెట్టాడు. బ్యాంకుకి ఒక్క సంతకమే వెళ్లింది, కానీ దాని వెనక ఉన్న మాట లేకపోతే షెడ్డు పునాది పడేది కాదు.

కిస్తీల దగ్గర మళ్లీ వాదన. మేనేజర్ గారు నెలనెలా సమాన కిస్తీ అన్నారు. నేను కాలాన్ని బట్టి అడిగితే ఆయనకి నచ్చింది, "అయితే పంట వచ్చే మార్చిలో ఎక్కువ పెట్టుకుందాం" అన్నారు. రైతు విషయంలో అది సరైనదే. యూనిట్ విషయంలో సరిగ్గా తలకిందులు. పంట వచ్చే నెలల్లోనే నా దగ్గర డబ్బంతా కొమ్ములు కొనడానికి పోతుంది, పొడి అమ్ముడై డబ్బు తిరిగొచ్చేది వానాకాలం నుంచి సంక్రాంతి దాకా. పట్టికలో ఆ గడులు చూపిస్తే అర్థమైంది. ఫిబ్రవరి నుంచి మే వరకు తక్కువ, ఆగస్టు నుంచి జనవరి వరకు ఎక్కువ అని మంజూరు పత్రంలోనే రాయించుకున్నాను. మొదటి ఆరు నెలలు మారటోరియం, అంటే కిస్తీ కట్టనక్కర్లేని గడువు, ఎలాగూ ఉంటుంది. నోటిమాటగా చెప్పించుకోవద్దు, మేనేజర్లు మూడేళ్లకోసారి మారిపోతారు. నాకు లోను ఇచ్చిన ఆయన ఇప్పుడు వేరే జిల్లాలో ఉన్నారు.

మంజూరు తర్వాత వ్యాపారం నడపడం నేర్పే ఈడీపీ శిక్షణ, 5 లక్షలు దాటిన ప్రాజెక్టులకి పది రోజులు. లెక్కల పుస్తకం రాయడం నేర్పిన పూట తప్ప మిగతాది నిద్రే. యంత్రాల డబ్బు మన ఖాతాలోకి రాదు, కొటేషన్ ఇచ్చిన డీలర్‌కి నేరుగా వెళ్తుంది. డీలర్ డబ్బు పడ్డాక "ఘాట్ ఎక్కం, కింద దింపుకోండి" అన్నాడు. కొటేషన్‌లో డెలివరీ మీ ఊరి దాకా అని రాయించుకోండి. చిన్న పరిశ్రమగా నమోదయ్యే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితం, దానికి రెండు వేలు అడిగేవాళ్లు దారి పొడుగునా ఉంటారు. ఆహార భద్రత కింద ఏడాది టర్నోవర్ 12 లక్షల లోపు ఉంటే రిజిస్ట్రేషన్, దాటితే రాష్ట్ర లైసెన్సు అని నేను తీసుకున్నప్పటి నియమం.

కొనుగోలు గురించి ఒక్క మాట. రైతులకి బ్యాంకులో వేస్తానంటే ఒప్పుకోరు, సిగ్నల్ లేని చోట ఫోన్‌పే అడిగినా లాభం లేదు. రోజుకి ఒక మనిషికి 10 వేలు దాటి నగదు ఇస్తే ఖర్చుగా ఒప్పుకోరని ఆడిటర్ భయపెట్టాడు. పండించిన రైతు దగ్గరే పంట కొంటే ఆ నిబంధన వర్తించదు, ఆదాయపు పన్ను రూల్స్‌లోనే మినహాయింపు ఉంది. రశీదు రాసి, రైతు పేరు, ఊరు, సంతకమో వేలిముద్రో తీసుకుంటే చాలు. నేను రాసే రశీదు జీసీసీ రశీదులాగే ఉండాలని పట్టుబట్టి అచ్చు వేయించాను. రేపు ఆ రైతు కూతురో కొడుకో లోనుకి వెళ్తే పనికొస్తుంది.

అమ్మకంలో నన్ను ఎక్కువగా ఆలోచనలో పడేసింది ధర కాదు, బొమ్మ. నగరంలో సేంద్రియ సరుకుల దుకాణం నడిపే ఒకావిడ పెద్ద ఆర్డరు ఇస్తానంటూ, ప్యాకెట్ మీద మా థింసా నాట్యం ఆడుతున్న ఆడవాళ్ల ఫోటో వేయమన్నారు. "ట్రైబల్ అంటేనే అమ్ముడవుతుందండీ." ఫోటో కూడా ఆవిడే పంపారు, ఎవరిదో, ఎక్కడిదో తెలియదు. ఆ రాత్రి మా వీధి ఆడవాళ్లకి ఫోన్లో చూపించాను. ఒకామె, "వీళ్ల నడుం కట్టు మనది కాదు" అంది. ఇంకొకామె, "మా బొమ్మ వేస్తే ప్యాకెట్‌కి ఎంత ఇస్తావు?" అని అడిగింది. నవ్వులాటకి అన్నదే కానీ నాకు అది వ్యాపార ప్రశ్నగానే వినిపించింది. 2019లో అరకు కాఫీకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ ప్రాంతం పేరు పెట్టుకుని అమ్మే హక్కు అక్కడ పండించేవాళ్లకి ఉండాలన్నదే దాని ఉద్దేశం. మరి మనుషుల బొమ్మకి ఆ మాత్రం లెక్క ఉండొద్దా? చివరికి ప్యాకెట్ మీద పసుపు కొమ్ము బొమ్మ, ఊరి పేరు, కొన్న రైతుల ఊళ్ల పేర్లు వేశాం. ఆవిడ ఆర్డరు సగానికి తగ్గించారు. ఆ సగం ఇప్పటికీ తీసుకుంటున్నారు.

కేంద్ర ప్రభుత్వ సంస్థలు తమ కొనుగోళ్లలో 4 శాతం ఎస్సీ, ఎస్టీ చిన్న పరిశ్రమల నుంచి తీసుకోవాలన్న విధానం 2012 నుంచి ఉంది. ప్రభుత్వ కొనుగోళ్లు జరిగే జెమ్ పోర్టల్‌లో పేరు నమోదు చేసుకున్నాను. క్యాంటీన్లకి పసుపు అడిగే టెండర్లు వస్తుంటాయి, పరిమాణం చూస్తే మా ఊరి పంటంతా ఒక్క ఆర్డరుకే సరిపోదు. ఒంటరి యూనిట్‌తో అది అయ్యే పని కాదు. చుట్టుపక్కల ఊళ్లు కలిసి సంఘంగా వెళ్తేనే కుదురుతుంది. ఆ మాటలు ఇంకా నడుస్తున్నాయి.

ఈలోగా అమ్మ వాళ్ల డ్వాక్రా సంఘం సొంతంగా పసుపు ఉడకబెట్టే బాయిలర్ పెట్టుకుంటామంటోంది. చిన్న ఆహార యూనిట్ల కోసం కేంద్రం పెట్టిన పీఎంఎఫ్ఎంఈ పథకంలో ఆహార పదార్థాలు చేసే సంఘాల సభ్యులకి తలా 40 వేల దాకా మూలధనం ఇస్తారు. నెలవారీ పట్టిక వాళ్లే నింపారు, నేను కూర్చుని రాశానంతే. నేను 220 వేసిన చోట వాళ్లు పనిదినాలు 180 వేయించారు. కట్టెలకి, పోడుకి, చుట్టాల పెళ్లిళ్లకి పోయే రోజులు నేను లెక్కలో వేయలేదట. దరఖాస్తు వెలుగు ఆఫీసులో ఉంది.